వెనుదిరిగి చూడని డ్రైవరు

మొన్న మా మేనల్లుడు కొత్తగా కొన్న కారులో నన్ను ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు తీసుకువెళ్తూ, ముందూ వెనకా అమర్చిన కెమెరాలు దారి పొడుగునా జరిగేదంతా రికార్డు చేస్తాయనీ, ఏ గతుకులో ఏం తగిలిందో కావాలంటే స్టీరింగు పక్కనున్న తెర మీద మళ్లీ వేసి చూసుకోవచ్చనీ ఎంతో సంబరంగా చెప్పాడు. నేను సరేనని తలూపానే గాని, జమ్మలమడుగు దాటి పెన్న వంతెన మీదికి వచ్చేసరికి ఆ తెర వంక చూడలేక, కిటికీలోంచి కింద ఇసుకను చూస్తూ కూర్చున్నాను. ఆ ఇసుక మీద ఒకప్పుడు బండలు పరిచిన ఏటిబాట ఉండేది. నా వృత్తిలో నేను చేసిన అతి పెద్ద పొరపాటూ, దాన్ని దిద్దుకున్న రోజూ రెండూ ఆ బాట మీదివే.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన నాటికి నేను పలక వదిలి కలం పట్టిన పిల్లవాణ్ణి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదీ పన్నెండేళ్లు గడిచేసరికి, బెంగళూరులో క్లినికల్ సైకాలజీ చదువుకుని, ప్రొద్దుటూరులో ఒక పెద్ద డాక్టరుగారు దయతలచి తన ఆసుపత్రి వరండా చివర ఇచ్చిన గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నాను. మందులివ్వని, సూది వేయని, నాడి పట్టని ఈ మనిషి ఏం చేస్తాడో ఊళ్లో ఎవరికీ అంతుపట్టలేదు. మా అక్క సైతం నన్ను బంధువులకు పరిచయం చేస్తూ ‘డాక్టరు లాంటివాడు’ అని ఆగిపోయేది. పైగా నాది ప్రతి మాటనూ సరిచూసుకునే స్వభావం. ఫలానా పల్లెలో తాయెత్తు కట్టించుకున్న వాళ్లందరికీ మతి కుదిరిందని ఎవరైనా అంటే, ఆ పల్లెకు వెళ్లి, కుదరని వాళ్లెందరో కూడా అడిగి తెలుసుకుని వచ్చి చెప్పేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. అటువంటివాడితో సాయంత్రాలు గడపాలని ఎవరికి మాత్రం ఉంటుంది? నాకు స్నేహితులు లేకపోవడానికి ఊరి తప్పేమీ లేదు.

ఆ రోజుల్లో ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు తిరిగే ఒక ప్రైవేటు బస్సు కండక్టరు, ఆ బస్సు డ్రైవరునే నా గదికి వెంటబెట్టుకుని వచ్చాడు. డ్రైవరు అతనికి సొంత అక్క భర్త. నలభై దాటిన మనిషి, శుభ్రమైన ఖాకీ బట్టలు, తల వంచుకుని కూర్చున్నాడు. మాటంతా బావమరిదిదే.

“మా బావ శానా మంచోడు సార్. వాళ్లమ్మ దీన్ని వస్వాసు అంటాది, సైతాను చెవిలో గొణుగుతాడంట. మీరేమంటారో నాకు తెల్దు. ఈ నెల దాటితే బండి దిగమంటాండాడు ఓనరు. మా అక్కకు నలుగురు పిల్లోళ్లు.”

బాధ ఏమిటంటే, చక్రం ఏ గుంతలో పడినా, ఏ రాయి తగిలినా, ఎవరో మనిషి బస్సు కింద పడ్డాడని డ్రైవరుకు తోచేది. తోచిందంటే ఆపాలి, దిగాలి, వెనక్కి నడిచి వెళ్లి చూసి రావాలి. చూసి వచ్చి సీట్లో కూర్చున్నాక, సరిగ్గా చూశానా అని మళ్లీ సందేహం. మూడు గంటల్లో చేరవలసిన బస్సుకు అయిదు గంటలు పట్టేది. ఇప్పుడు దీన్ని మూడక్షరాల ఇంగ్లీషు పేరుతో పిల్లలు కూడా పిలుస్తున్నారు. అప్పుడు మా జిల్లాలో దానికి వెక్కిరింత తప్ప మరో పేరు లేదు.

నేను నా పద్ధతిలో మొదలుపెట్టాను. అతని చేతి మీద ఇన్నేళ్లలో ఒక్క ప్రమాదమైనా జరిగిందా అని ఓనరునీ, దారిలో ఉన్న పోలీసు స్టేషన్లనూ అడిగాను. ఒక కోడికి కూడా దెబ్బ తగల్లేదు. ఆ సంగతి చెబితే అతను వినయంగా తలూపాడు గాని, ముఖంలో ఏ మార్పూ రాలేదు. అయితే సాక్ష్యం కళ్లెదుట ఉండాలని తీర్మానించి, ఇంజను పక్కనున్న ఒంటి సీట్లో కూర్చుని ప్రయాణం చేయసాగాను. అతను ఆపినచోటల్లా నేనూ దిగి, వెనక్కి నడిచి, పరీక్షగా చూసి, ఒక నోటుపుస్తకంలో ‘ఏటిబాట, మూడవ గుంత. చూశాను. ఎవరూ లేరు’ అని రాసి, సంతకం చేసి ఇచ్చేవాణ్ణి. సంతకం చూసి అతను నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పును నేను గుణం అనుకున్నాను.

పులివెందుల సంతకు పోయే ఒక ముసలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, “ఒగడు సాలడంల్యాదని ఇద్దురు దిగి ఎతుకుతాండారే. ఏం పారేసుకున్యారప్పా, ఉంగరమా?” అనేది. వెనక సీటులోంచి ఎవరో, “ల్యాదత్తా, బుద్ధి పారేసుకున్యారు. దొరికితే నువ్వూ రోంత తీసుకో,” అనేవాడు. బస్సంతా నవ్వేది. డ్రైవరు నవ్వేవాడు కాదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా, “సార్, మీరు దిగేలోపలే ఎవరన్నా ఆ మనిషిని ఎత్తుకపోయింటే?” అని అడిగేవాడు. ఆ ప్రశ్నలో తర్కం ఉందని నాకు తోచి, మర్నాటి నుంచి మట్టిలో అడుగుజాడలు చూసేవాణ్ణి. “కంపచెట్లల్లో చూసినారా సార్?” అంటే కంపచెట్లలోనూ దూరి చూసేవాణ్ణి. నోటుపుస్తకం నిండింది. ప్రయాణం అయిదు గంటల నుంచి ఆరుకు పెరిగింది. నెలాఖరు దగ్గరపడింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. బస్సు లేని సాయంత్రాలు అతను నా గదికి వచ్చి, నా ఎదుటి కుర్చీలో కూర్చుని, వారం కిందటి గుంతల గురించి మళ్లీ అడిగేవాడు. నేను పుస్తకం తెరిచి చదివి వినిపించేవాణ్ణి. టీ తెప్పించేవాణ్ణి. ఆ ఊళ్లో నేను చెప్పే మాట కోసం ఎదురుచూసే మనిషి అతనొక్కడే. అతని అడుగుల చప్పుడు వరండాలో వినిపిస్తే నాకు సంతోషం కలిగేది. వైద్యుడికి కలగకూడని సంతోషం అది.

బెంగళూరులోని మా గురువుగారికి నా నోటుపుస్తకపు పద్ధతిని కొంత గర్వంగానే రాశాను. ఆయన జవాబు నాలుగు వాక్యాలు. నేను రోగికి మందు పెట్టడం లేదనీ, రోగానికి అన్నం పెడుతున్నాననీ, ఎన్ని రుజువులు తెచ్చి పోసినా దాని ఆకలి పెరుగుతుందే గాని తీరదనీ, ఇకమీదట చూడవద్దు, చూసి చెప్పవద్దు అనీ రాశారు. ప్రతిదీ సరిచూడడమే విజ్ఞానమని నమ్మినవాణ్ణి, ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను.

డ్రైవరుకు ఏమీ దాచకుండా చెప్పాను. నిజంగా ఏదైనా జరిగితే అన్ని బస్సుల్లోలాగే వెనక తలుపు దగ్గరున్న కండక్టరు గంట కొడతాడు. గంట మోగకపోతే బస్సు ఆగదు. భయం ఎంత పెరిగినా దాన్ని అలాగే ఉండనివ్వాలి. అది తనంతట తాను తగ్గుతుందో లేదో చూడాలి. నన్ను అడగకూడదు, అడిగినా నేను చెప్పను. అతను, “అయితే నేను ఈడికి వచ్చేది గూడా వద్దంటారా సార్?” అన్నాడు. వద్దన్నాను. ఆ రోజు టీ తెప్పించలేదు.

మర్నాడు పొద్దున ఏటిబాట మీద, మూడవ గుంతలోనే, చక్రం ధడేలుమంది. డ్రైవరు కాలు బ్రేకు మీదికి పోయింది, బస్సు ఆగిపోయింది. అతని మెడ మీద చెమట నాకు కనిపిస్తోంది. వెనక బావమరిది గంట తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ‘ఏం ల్యాదు బావా’ అనకుండా పెదవి కరుచుకున్నాడు, అది కూడా మా ఒప్పందమే. అలవాటుపడ్డ ముసలమ్మ అప్పటికే దిగడానికి చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

“సార్, ఏమన్నా తగిలిందా?”

“తెలియదు,” అన్నాను. అది నిజం. నేను చూడలేదు.

అతను నా వంక చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. నమ్మి పట్టుకున్న తాడును ఎవరో కోసేసినట్టున్న చూపు. తరువాత బస్సు కదిలింది. ముద్దనూరు దాకా అతను స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకునే నడిపాడు. ముద్దనూరు దాటాక ఒక చేత్తో ముఖం తుడుచుకున్నాడు. శనగచేలు వచ్చేసరికి ఎదురొచ్చే ఎద్దులబండికి దారి ఇచ్చి, బండివాణ్ణి పేరు పెట్టి తిట్టాడు. బస్సు పులివెందులకు వేళకు చేరింది. ముసలమ్మ దిగుతూ, “ఏందప్పా ఈపొద్దు, సంత ఇంగా తెరవనే ల్యాదే,” అని విసుక్కుంది.

ఒక్కరోజుతో కుదిరిందని చెబితే అబద్ధం. రెండుసార్లు దారిలో దిగాడు, ఒకసారి ఏడ్చాడు. ఓనరును బతిమాలి ఇంకో నెల గడువు అడిగాను. ఆ నెల పూర్తయ్యేసరికి బండి అతని చేతిలోనే నిలిచింది. మాట ప్రకారం అతను నా గదికి రాలేదు. నోటుపుస్తకం మాత్రం బావమరిది తెచ్చి, “మా బావ ఇచ్చేసి రమ్మన్యాడు సార్,” అని బల్ల మీద పెట్టి, నిలుచునే వెళ్లిపోయాడు. టీ తాగమన్నాను గాని బస్సుకు వేళైందన్నాడు.

కొన్ని నెలల తరువాత జమ్మలమడుగు దగ్గర ఏటి ఒడ్డున నిలబడి ఉన్నాను. ఆ బస్సు వచ్చింది. చేయి ఎత్తాను, ఆపమని కాదు, ఊరికే. బస్సు గుంతలో పడి లేచి, ఇసుక రేపుకుంటూ వెళ్లిపోయింది. డ్రైవరు తల తిప్పలేదు. నన్ను గుర్తుపట్టి తిప్పలేదో, చూడనే లేదో, లేక చక్రం కింద ఏం పడిందో అనుకుంటూనే తిప్పకుండా నిలదొక్కుకున్నాడో తెలియదు. దుమ్ము అణిగేదాకా ఒక్కణ్ణే నిలబడ్డాను. నా వృత్తి జీవితంలో నాకు దక్కిన అన్నిటికంటే మంచి ఫలితం అదే. దాన్ని చెప్పుకోవడానికి ఇంటికి వెళ్తే ఎవరూ లేరు.

ఆ తరువాత ఈ జబ్బువాళ్లనే చూస్తూ ఏళ్లు గడిపాను. ఇప్పుడు ప్రొద్దుటూరులోనే దీనికి డాక్టర్లున్నారు, మందులున్నాయి, పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడని మనుషులున్నారు. అది మంచిదే. కానీ సందేహం కలిగిన మరుక్షణం సరిచూసుకునే యంత్రం ప్రతి చేతిలోనూ ఉన్నప్పుడు, తెలియకుండా ఉండగలగడం అనే ఆ కష్టమైన పనిని ఎవరు ఎవరికి నేర్పుతారో నాకు అర్థం కావడం లేదు.

ఈ కథంతా విని మా మేనల్లుడు, ఆ డ్రైవరు పిల్లలు ప్రొద్దుటూరులోనే ఎక్కడో ఉంటారనీ, విచారిస్తే ఒక్కరోజులో తెలుస్తుందనీ, ఆ రోజు వాళ్ల నాన్న నన్ను చూశాడో లేదో అడగవచ్చనీ అన్నాడు. జీవితమంతా ప్రతిదీ అడిగి తెలుసుకున్నవాణ్ణి. వద్దులే, బండి పోనీ అన్నాను.