ఒక్కపొద్దులు తీర్చిన ఏడు

మా ఇంటి వెనక చేదబావి ఉండేది. నాకు నలభై దాటిన ఏడు, ఇంకా చలి మొదలు కాకముందే, ఒక పొద్దున చేద సగం దాకా లాగి ఆగిపోయాను. తాడు చేతుల్లోనే ఉంది. లాగుదామంటే ఊపిరి అందడం లేదు, వదిలేద్దామంటే చేద బావి పాలవుతుంది. అట్లాగే నిలబడి ఉంటే మా అత్తమ్మ వెనకనుంచి వచ్చి, నన్ను జరగమని కూడా అనకుండా, నా చేతుల మీదుగానే తాడు అందుకుంది. నీళ్లు బిందెలో పోశాక నా మొహం చూసి, "పిల్లా, నీకేమైందే" అన్నది. ఆమెకు అప్పటికే డెబ్బై ఉంటాయి. నేను కోడళ్లను తెచ్చుకునే ఈడుకు వచ్చినా ఆమెకు పిల్లనే.

నాకేమీ కాలేదన్నాను. అంతకు రెండేళ్ల ముందునుంచీ ఆ మాటే చెబుతూ వస్తున్నాను. మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టడానికి మెట్లెక్కితే కళ్లు చీకట్లు కమ్మేవి. రొట్టెల పిండి పిసుకుతూ మధ్యలో గోడకు ఆనుకునేదాన్ని. ఈడు మళ్లుతోంది, ఇంతే కాబోలు అనుకున్నాను. అంతవరకైతే ఓర్చుకునేదాన్నే. కానీ నా మీద ఒక మొక్కు ఉంది.

మా చిన్నవాడికి ఐదో ఏట ఒళ్లంతా అమ్మవారు పోసింది. వాడు కళ్లు తెరవని ఆ దినాల్లో నేను మెడలోని ఇష్టలింగాన్ని అరచేతిలో పెట్టుకుని, వీణ్ణి నాకు దక్కిస్తే ఝరాసంగం దాకా నా కాళ్లతో నడిచివచ్చి శివరాత్రినాడు స్వామిని చూసుకుంటానని అనుకున్నాను. స్వామి నా మాట విన్నాడు. మొహం మీద నాలుగు మచ్చలు మిగిల్చి వాణ్ణి నాకిచ్చాడు. నేనే వెళ్లలేకపోయాను. మరుసటి ఏడు మా ఆడపిల్ల కడుపున పడి నిండు చూలాలిని. ఆ తర్వాత మామగారు పోయారు. ఆ వెనక వానలు లేక జొన్నలకే కటకటైంది. వచ్చే శివరాత్రికి, వచ్చే శివరాత్రికి అంటూ వాడికి మీసాలు వచ్చాయి.

ఇప్పుడు వాడికి కల్హేర్ దిక్కు నుంచి సంబంధం కుదిరింది. మా వంశంలో ఒక పద్ధతి ఉంది. ఒక బిడ్డ కోసం మొక్కిన మొక్కు తీరకుండా ఆ బిడ్డకు బాసింగం కట్టరు. పిల్ల తండ్రి శివరాత్రి దాటగానే పెళ్లి చేద్దామంటున్నాడు. అంటే వచ్చే శివరాత్రికి నేను నడవాలి. లేకుంటే వాడి పెళ్లి నా కాళ్ల దగ్గర ఆగిపోతుంది. బావి నుంచి ఒక చేద నీళ్లు తోడలేనిదాన్ని, మంజీర ఏరు దాటి ఝరాసంగం ఎట్లా పోగలను?

మావారికి బజారులో బట్టల దుకాణం. ఆయన మెత్తని మనిషి. బండి కట్టుకుని పోయి, గుడి కనబడినంక దిగి నడిస్తే సరిపోదా, దేవుడు దారి వెంబడి కూర్చుని చూస్తాడా అని నచ్చజెప్పారు. ఇంట్లో ఎవరూ కాదనలేదు. నాకే మనసొప్పలేదు. వాడి ఒళ్లు కాలుతున్నప్పుడు గుడి కనబడినంక నడుస్తానని నేను అనలేదు.

ఆయన హకీము సాబును పిలిపించారు. తలుపు వెనకనుంచి చేయి చాపితే నాడి చూశాడు. రక్తం పలచబడిందని, కడుపునిండా తిని పొద్దునా రాత్రీ మాజూను అనే లేహ్యం వేసుకోవాలని చెప్పి ఒక డబ్బీ ఇచ్చాడు. తీయగా, ఏలకుల వాసనతో ఉండేది. నేను దాన్ని ఆదివారాలు, బుధవారాలు, గురువారాలు మాత్రమే వేసుకునేదాన్ని. మిగతా దినాలు నాకు ఒక్కపొద్దులు.

సోమవారం అందరికీ ఉండేదే, స్వామిది. మంగళవారం నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడు అత్తమ్మకు జరం తగిలి ఎంతకూ దిగనప్పుడు పట్టుకున్నది. శుక్రవారం దుకాణంలో అమ్మకాలు పడిపోయినప్పుడు లక్ష్మీదేవికి. శనివారం మావారి జాతకంలో ఏదో దోషం ఉందని ఎవరో అన్నప్పుడు. కష్టం వచ్చినప్పుడల్లా ఒక దినం దేవునికి ఇచ్చాను. కష్టం పోయేది. పోయినందుకు దండం పెట్టుకుని ఆ దినాన్ని అట్లాగే ఉంచేసేదాన్ని. దేవుడు మేలు చేశాక ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మర్యాద కాదనిపించేది. దీపం పెట్టాక తినే ఆ ఒక్క పూటా అందరికీ వడ్డించి కూర్చునే సరికి ఆకలి చచ్చిపోయి ఉండేది. సగం రొట్టె, ఇంత మజ్జిగ. అది చాలని మనసారా అనుకున్నాను. నన్నెవరూ కడుపు మాడ్చలేదు.

మా పక్కింట్లో తహసీలు కచేరిలో పనిచేసే ఒక ముస్లిం గుమాస్తా కాపురం ఉండేవాడు. ఆయన భార్య నాకంటే నాలుగైదేళ్లు చిన్న. రెండిళ్ల నడిమి గోడలో చిన్న కిటికీ ఉండేది. నిప్పులు, కరివేపాకు, పచ్చి మామిడికాయలు, కబుర్లు అందులోంచే అటూ ఇటూ పోయేవి. వండినవి మేము పుచ్చుకోమని ఆమెకు తెలుసు. ఏనాడూ నొచ్చుకోలేదు. నన్ను ఆపా అనేది, నేను చెల్లె అనేదాన్ని.

అప్పుడు రంజాన్ నెల. ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గరికి వచ్చి నాకు ఖర్జూరాలు ఇచ్చింది. పొద్దున్నుంచీ చుక్క నీళ్లు తాగని మనిషి, మొహం మాత్రం కడిగిన ఇత్తడి చెంబులాగా ఉంది. గోడ పట్టుకుని నిలబడ్డ నన్ను కాసేపు చూసింది.

"ఇయ్యాల గూడ రోజానేనా ఆపా?"

"శుక్రవారం గదా చెల్లె."

"మాకు నెల దాటంగనే ఈద్ వస్తది. ఇన్నేండ్ల సంది చూస్తున్న, నీ రోజాలకు ఈద్ ఎప్పుడొస్తది?"

ఎగతాళిగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. వాళ్లలో ఒంట్లో బాగాలేనివాళ్లకు ఉపవాసం లేదట. బాగయ్యాక ఆ దినాలు తీర్చుకోవచ్చట. అల్లా మనిషిని చూసే అడుగుతాడంది. ఖర్జూరాలు కొంగున కట్టుకుని లోపలికి వచ్చాను. ఆ రాత్రి పూజలో కూర్చున్నా ఆమె మాటే మనసులో మెదిలింది.

నెలనెలా భిక్షకు వచ్చే మా జంగమయ్య మరుసటి వారం వచ్చాడు. ఆయన విభూతి పెట్టి లేవబోతుంటే, పట్టిన ఒక్కపొద్దు విడిస్తే పాపమా అని మెల్లగా అడిగాను. ఏ ఒక్కపొద్దు అన్నాడు. చెప్పుకుంటూ పోయాను. ఆయన వినీ వినీ నవ్వాడు. పట్టుకునేటప్పుడు నన్నడగలేదు, విడిచేటప్పుడు అడుగుతున్నవా తల్లీ అన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఏ వ్రతానికైనా ఉద్యాపన ఉంటుంది. కోరిక తీరాక ఇంతమందికి అన్నం పెట్టి, ముత్తయిదువలకు పసుపు కుంకుమ ఇచ్చి, స్వామికి చెప్పి ముగించాలి. ముగించకుండా మోయడం భక్తి కాదు, నెత్తికెత్తుకున్న మూట దించుకోవడం మరిచిపోవడం. సోమవారం ఒక్కటీ ఉంచుకో, మిగిలినవి కార్తీకంలో తీర్చుకో అన్నాడు.

ఇదంతా అత్తమ్మ గడప దగ్గర చిక్కుడుకాయలు వలుస్తూ విన్నది. మంగళవారం ఎవరి కోసం పట్టానో ఆమెకు అప్పటిదాకా తెలియదు. జంగమయ్య వెళ్లాక కూడా ఆమె చేతులు ఊరికే చిక్కుడుకాయలను అటూ ఇటూ కదిపాయి.

కార్తీకంలో మావారు ఉద్యాపన చేయించారు. అయినా మరుసటి మంగళవారం పొద్దున నాకు నోట్లోకి ముద్ద పోలేదు. పూజ చేసుకుని లేచి, ఏదో పని కల్పించుకుని పెరట్లోకి పోబోతుంటే అత్తమ్మ పిలిచింది. తానే పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేసింది. వేడి రొట్టె మీద కుసుమనూనె వేసి, పక్కన నువ్వుల పొడి, పుంటికూర పెట్టి, పీట వాల్చింది. మా ఇంట్లో అత్త కోడలికి వడ్డించడం నేను చూడలేదు.

"కూసో."

"మీరు తినంది నేనెట్ల..."

"జరం నాదా నీదా? నాది. ఎప్పుడో పోయింది. నా జరం పోయిందని నేనే చెప్తున్న, ఇగ నువ్వెందుకు కాపలా కాస్తున్నవ్?"

నేను కూర్చున్నాను గానీ చేయి కదలలేదు. మా ఇంటి పెద్దలది బీదరు దిక్కు. అత్తమ్మకు పట్టరాని కోపం వచ్చినా, ముద్దు వచ్చినా కన్నడం వస్తుంది. "ఉణ్ణు మగళే" అన్నది. తిను బిడ్డా అని. ఆ ఇంట్లో అన్నేళ్లలో ఆమె నన్ను మగళే అనడం అదే మొదలు. ఏడుస్తూనే తిన్నాను. రొట్టె బాగుంది.

తిండి అలవాటు కావడం కూడా సులువు కాలేదు. పొద్దున తింటే కడుపు బరువెక్కి నిద్ర వచ్చేది, ఎవరి వాటానో తిన్నట్టు ఉండేది. హకీము మాజూను రోజూ వేసుకోవడం మొదలుపెట్టాను. మెల్లగా పొద్దెక్కేసరికి ఆకలి కావడం మొదలైంది. ఆకలి అంత మంచిదని నాకు అప్పుడు తెలిసింది. నన్ను నిలబెట్టింది మాజూనా, రొట్టెనా, ఆ పిలుపా అంటే చెప్పలేను. అన్నింటికీ చేతులు జోడిస్తాను.

ఇక నడక. అత్తమ్మ రోజూ పొద్దున్నే మనూరు దారిలో ఉన్న మా చేను దాకా పోయివచ్చేది. నన్ను వెంట తీసుకుపోయింది. మొదటి దినం ఊరి చివరి ఇల్లు దాటగానే ఒక బండ మీద కూలబడ్డాను. ఆమె ముందుకు పోయి, వెనక్కి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, "చూసేటోళ్లు నిన్ను అత్తవనుకుంటరు, నన్ను కోడలనుకుంటరు" అన్నది. మరో దినం ఇంకో బండ. ఆ బండలన్నీ నాకు చుట్టాలైపోయాయి. చలి ముదిరేసరికి చేను దాకా పోగలిగాను. మంచు పట్టిన శనగాకు తుంచి నోట్లో వేసుకుంటే పులుపు జివ్వుమనేది. ఆ నల్లరేగడి మీద ఊపిరి ఆగకుండా నిలబడి, స్వామీ, ఈ పులుపు తెలియడానికి నాలుక ఇచ్చావు అనుకున్నాను.

ఎల్లమాస అమావాస్య నాడు అందరం చేనుకు పోయి అన్ని కూరలూ కలిపి వండిన బజ్జి, సజ్జరొట్టెలు, అంబలితో భూమికి పూజ చేస్తాం గదా. ఏటా నేను బండిలో గంపల నడుమ కూర్చునేదాన్ని. ఆ ఏడు బజ్జి గంప నెత్తిన పెట్టుకుని నడిచాను. మావారు బండి తోలుతూ పక్కనే వస్తున్నారు. ఎడ్లను నా నడకకు తగ్గట్టు నెమ్మదిగా తోలారు. ఆ పూట ఆయన దారి పొడుగునా ఏదో కూనిరాగం తీశారు.

శివరాత్రికి ముందు బయలుదేరాం. నేనూ మా చిన్నవాడూ కాలినడకన, అత్తమ్మా మావారూ సామానుతో బండిలో. ఆమె మనూరు దాకా నడుస్తానని పట్టుబట్టింది గానీ, మొక్కు నాది మీది కాదు అని నేనే బండెక్కించాను. ఆమె మాట ఆమెకే అప్పజెప్పినందుకు మూతి ముడుచుకుంది.

మంజీర దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నీళ్లు మోకాళ్ల దాకానే ఉన్నాయి. నీళ్లు కాదు, ఇసుక నన్ను ఓడించింది. అడుగు తీస్తే దిగబడుతోంది. నడి ఏట్లో నాకు మళ్లీ ఆ బావి దగ్గర ఆగిపోయిన క్షణంలాగే అయింది. ముందుకూ లేదు, వెనక్కీ లేదు. మావాడు చేయి చాపాడు. ఎత్తుకుంటానన్నాడు. అవతలి ఒడ్డున బండి ఆగి ఉంది. అత్తమ్మ దానిలోంచి దిగి నీళ్ల అంచుకు వచ్చి నిలబడింది.

"ఏం తిన్నవ్ పొద్దుగాల?" అని అక్కడినుంచే అడిగింది.

"రొట్టె."

"ఎన్ని?"

"రెండు."

"మరి గా రెండు రొట్టెలు ఎక్కడ వోయినయ్? నడువు."

మావాడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుకు కడుపు కదిలి, ఊపిరి లోపలిదాకా పోయింది. కాలు తీశాను. ఆ ఒడ్డు చేరాక తడి చీర పిండుకుంటూ ఇసుకలో కూర్చుంటే ఆమె నా కాళ్లు తన ఒళ్లోకి తీసుకుని ఒత్తింది. వద్దన్నా వినలేదు.

ఝరాసంగంలో శివరాత్రినాడు స్వామి ముందు నిలబడ్డాను. అన్ని గుళ్లలోనూ శివునికి పనికిరాదనే మొగలిపువ్వు అక్కడ ఆయన తలమీద ఉంటుంది. చాలా చెప్పుకోవాలని దారంతా అనుకుంటూ పోయాను. అక్కడ ఏ మాటా గుర్తుకు రాలేదు. వీడు ఇడుగో, నేను వచ్చాను అని మాత్రం అన్నాను.

నెల తిరగకముందే వాడికి బాసింగం కట్టారు. పెళ్లి బాగా జరిగింది. అయితే నాకు ఎక్కువగా జ్ఞాపకం వచ్చేది, ఝరాసంగం నుంచి ఇల్లు చేరిన మర్నాడు. గోడ కిటికీ దగ్గర చెల్లె పిలిచింది. పళ్లెంలో వండని సేమ్యా, చక్కెర, గుప్పెడు ఖర్జూరాలు పెట్టి, పైన కొత్త రుమాలు కప్పి అందించింది. వాళ్ల పండుగ ఎప్పుడో అయిపోయింది.

"గిది నీ ఈద్ ఆపా," అన్నది. "నీ పొయ్యి మీదనే వండుకో."

మా పాలతో మా పొయ్యి మీద వండాను. స్వామికి చూపించాను. గిన్నె అత్తమ్మ ముందు పెట్టబోతే ఆమె చేయి అడ్డం పెట్టి, ముందు నువ్వు తిను అన్నది. ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ అందరికంటే ముందు నేను తినడం అదే మొదటిసారి. గోడకు అటువైపు చెల్లె ఇంకా నిలబడే ఉందని గాజుల చప్పుడు తెలుపుతోంది. నేను గిన్నె ఖాళీ అయ్యేదాకా తిని, మళ్లీ ఇంత పెట్టుకున్నాను. ఆనాడు శనివారం.