అమ్మ చీర కట్టిన రత్నం పిన్ని

పాల ప్యాకెట్టు కత్తిరించగానే ముక్కు దగ్గర పెట్టుకుంటాను. "ప్యాకెట్టు మీద కూడా అనుమానమేనా?" అంటారు మా ఆయన. మా ఇంట్లో అనుమానం ఉగ్గుపాలతోనే పోశారండి, నేనేం చేయను!

పాలకొల్లు పక్క పల్లెలో, కుడితి పులుపూ, తడిసిన గడ్డీ, పిడకల పొగా కలగలిసిన మా పాకలో, గౌరి అనే గేదె అమ్మ అడుగుల చప్పుడు వినగానే చెవులు ముందుకు తిప్పి, దూడ మూతి పెట్టీ పెట్టకముందే చేపేది. పాలు పొదుగులోకి దిగి చెంబులో నురగలు కట్టేవి. ముసురు పట్టిన శ్రావణంలో అమ్మ పురిటికి కాకినాడ వెళ్లింది. పితకడం రత్నం పిన్ని మీద పడింది. బాబాయి పోయాక మా ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. పుట్టింట్లో వదినగారు గడప తొక్కనివ్వదు.

మొదటి పూటే చెంబు సగం కూడా నిండలేదు.

"మిగతా సగం ఏ దొడ్డిదారిన పోయిందే?" అంది మామ్మ, అంటే నాన్న తల్లి.

"గేదె చేపట్లేదత్తయ్యా."

"నోరులేనిదాని మీద పెట్టకే. ఆదివారం దాకా చూస్తాను. తర్వాత మీ పుట్టింటికి బస్సెక్కిస్తాను."

అప్పటినుంచీ పిన్ని పాకలోంచి రాగానే, పాలు తాగేసిందేమోనని మామ్మే ఎదురెళ్లి ఆమె మూతి వాసన చూసేది. పక్కింటి పిల్లి కాస్త ఒళ్లు చేసిందని దాన్నీ అనుమానించింది.

శనివారం నాన్న, "అమ్మా రత్నం, మీ అక్క పాకలో కట్టే చీర చుట్టుకుని చూడు" అన్నాడు. తవుడూ, పేడా, అమ్మ చెమటా ఇంకిన, సబ్బెరగని నేతచీర అది. గౌరి ముక్కు ఆనించి కొంగు మూచూసింది, బుస్సుమంది, పిన్ని మొహం చూసింది, మళ్లీ మూచూసింది. చెవులు ముందుకు తిరిగాయి. చెంబు పొంగింది.

"చూశావురా!" అంది మామ్మ. "చీర కడితే పాలొస్తాయని తెలిసే, ఇన్నాళ్లూ కట్టలేదు."

కొన్నాళ్లకి పిన్ని సొంత చీరలో వెళ్లినా గౌరి చేపడం మొదలెట్టింది. మామ్మ మాత్రం మూతి వాసన చూడటం మానలేదు. అమ్మ చంటిదానితో తిరిగొచ్చిన మర్నాడే పిన్ని తణుకులో హాస్టల్ వంటపనికి వెళ్లిపోయింది. "పంపించకముందే పోతే మర్యాదండి బావగారూ" అంది.

ఇప్పుడు ఆ పాక చోట కారు నిలబడుతోంది. ఊళ్లో పాలు పితికే ఇల్లు వెతకాలి. మొన్న తణుకులో పిన్నితో, "మామ్మ పోయిందిగా, ఇప్పుడైనా ఓసారి ఊరు రా" అన్నాను.

"గౌరి కూడా పోయిందిగా" అంది.