దున్నపోతు మెడలో ఇనుప పట్టా

మొన్న జనగామ బజారులో మిక్సీ బాగు చేయించుకోవడానికి ఒక దుకాణం ముందు నిలబడి ఉంటే, లోపల కూర్చున్న మెకానిక్ కాలిన సోల్డరింగ్ కడ్డీని తీగకు ఆనించాడు. సన్నటి తెల్లటి పొగ లేచి, బంకా సీసమూ కలిసి కాలినట్టుండే ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే, ఎవరో కొట్టబోతున్నట్టు నా పళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. ఇన్నేళ్లయినా ఆ వాసన నాకు దెబ్బల వాసనే. మా ఇంట్లో ఆ పొగ లేచిన ప్రతిసారీ దానికి ముందో వెనుకో ఎవరి ఒంటి మీదో నెత్తురు కనబడేది, అన్నిటికీ కారణం ఒక బేస్ గిటారు. బేస్ వాయించేవాళ్లు నలుగురు ఒకచోట కూడితే తాము పట్టినవాటిలో అతి చెడ్డది ఏదని చెప్పుకుంటారట. ఒకరిది ఎంత బిగించినా శ్రుతిలో నిలవదంటారు, ఒకరిది పాట సగంలో మూగబోతుందంటారు. మా అన్న దానియేలు ఆ ముచ్చట్లలో చివరిదాకా ఊరుకుని, తన చెంప మీద చెవి నుంచి పెదవి దాకా ఉన్న గీతను చూపిస్తాడు. ఆ తర్వాత ఎవరూ పోటీకి రారు.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకే. ఎక్కం తప్పు చెప్పానని సారు కొట్టిన చెంపదెబ్బకు కుడి చెవిలోంచి నెత్తురు కారింది, దవాఖానల చుట్టూ తిరిగినా ఆ చెవికి వినికిడి మళ్లీ రాలేదు. మా అమ్మ బడి మీదికి కొట్లాటకు పోలేదు. "కొట్టినోని సంగతి దేవుడు సూస్కుంటడు బిడ్డా, నువ్వు పలక సూస్కో" అని మరునాటి నుంచి నన్ను పొయ్యి పక్కనే కూర్చోబెట్టుకుంది. కీర్తనల పుస్తకం, పాత క్యాలెండర్ల వెనుక పేజీలు, నాయిన తలుపుల కొలతలు రాసి పారేసిన చెక్కముక్కలు, ఇవే నా చదువు. జొన్నరొట్టె కొట్టే చప్పుడుకు తగ్గట్టు వాక్యం చదివించేది; తప్పితే రొట్టె తిప్పడం ఆపి నా మొహంలోకి చూసేది, అంతే. ఇంట్లో చెయ్యెత్తని మనిషి ఆమె ఒక్కతే. ఇవాళ ఈ నాలుగు అక్షరాలు రాస్తున్నానంటే ఆమె చలవే, ఆమెను నాకిచ్చిన దేవుని చలవే.

నాయిన వడ్రంగి. ఊరి చివర మా రేకుల పందిరి కింద తలుపులు, నాగళ్లు, మంచాలు, సంఘంలో ఎవరైనా పోతే శవపేటికలు చేసేవాడు. వానకాలం తడిసిన టేకు వాసన, ఎండాకాలం రంపపు పొట్టు కళ్లలో పడే మంట, చలికాలం ఆ పొట్టే కుంపట్లో వేసుకుని కాచుకునే వెచ్చదనం, నాకు కాలాలు తెలిసింది అట్లాగే. కొత్త చెక్క పట్టినప్పుడల్లా దానికి నుదురు ఆనించి పెదవులు కదిలించేవాడు, ప్రార్థన చేసుకుంటున్నాడని మాకు తెలుసు. అదే మనిషి కోపమొస్తే చేతిలో ఏముంటే అది విసిరేవాడు, ఉలి అయినా సరే. అన్న వీపు మీద నాయిన కొలబద్ద గీతలు ఒకటి మానకముందే ఇంకొకటి తేలేవి. నేను ఆ పందిరి మూలలో కచ్చకాయలాడుకుంటూ, చెక్కల చప్పుడు ఏది, దెబ్బ చప్పుడు ఏది అని ఒక్క చెవితోనే గుర్తుపట్టేదాన్ని.

ఆ యేడు కోతల పండుగకు గుళ్లో, అంటే మా చర్చిలో, గిటారు ఉండాలని సంఘం పెద్దలు అనుకున్నారు. మానుకోటలో ఒక ఆర్కెస్ట్రా పార్టీ మూతపడి సామాను అమ్ముతున్నదని తెలిసి అన్నను పంపారు. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. అన్న సాయంత్రం రైలు దిగి, శవాన్ని మోసినట్టు రెండు చేతుల మీద ఒక నల్లటి గిటారును తెచ్చాడు. మామూలు గిటారు కంటే పొడుగు, తీగలు నాలుగే, ఒక్కొక్కటీ చిటికెన వేలంత లావు. పెద్దలు చుట్టూ చేరి చూశారు. గిటారుకు ఆరు తీగలుంటాయని అందరికీ తెలుసు. రెండు ఊడిపోయినట్టున్నాయని తేల్చి నాయిన చేతిలో పెట్టారు. నాయిన దానికీ నుదురు ఆనించి ప్రార్థన చేసుకుని, తలకాయ దగ్గర బర్మాతో రెండు తొర్రలు తొలిచి, టేకుతో మరలు చెక్కి, సైకిల్ బ్రేకు తీగలు రెండు లాగి బిగించాడు. రేడియోలు బాగు చేసే ఖాజా చిచ్చా వచ్చి, తెగిన వైర్లకు సోల్డరింగ్ పెట్టాడు. ఆ పొగ మొదటిసారి పీల్చింది అప్పుడే. మీటితే గుడి రేకులు అదిరి, దూలం మీది పావురాలు లేచిపోయాయి. ఆడవాళ్లు దానికి దున్నపోతు అని పేరు పెట్టారు.

కోతల పండుగ నాడు గుడి నిండా కొత్త వడ్ల వాసన, గుమ్మడికాయలు, మక్క కంకులు, కాళ్లు కట్టేసిన కోళ్లు. వెనుక పెరట్లో వేటపోతులను కోస్తుంటే ఆ అరుపులు పాటలో కలుస్తున్నాయి. బగార అన్నం మసాలా గాలికి లోపలిదాకా వస్తున్నది. రెండో చరణంలో బ్రేకు తీగ తెగింది. కొరడాలా లేచి అన్న చెంపను చెవి నుంచి పెదవి దాకా చీల్చింది. తెల్ల చొక్కా ఎర్రబడింది. పండుగ పాట మధ్యలో ఆపడం మా దగ్గర లేదు గనుక చరణం అయ్యేదాకా ఎవరూ ఆపలేదు, అన్న కూడా ఆపలేదు.

కుట్లు విప్పిన తర్వాత లింగాల ఘనపూర్‌లో ఒక పెళ్లికి దున్నపోతును తీసుకుపోయారు. దాన్ని మాకమ్మిన ఆర్కెస్ట్రా ఆయనే ఆ పెళ్లికొచ్చి, చూసి నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డాడు. "అరె ఎవడయ్యా గీ పని జేసింది? గిది బేసు. దీనికి నాలుగే తీగలు. మా దగ్గర నాలుగు కాళ్ల మేకను కొని ఆరు కాళ్లు జేసిండ్రు." పెళ్లివాళ్లంతా నవ్వారు. వడ్డన దగ్గరున్న నాయిన విన్నాడు. ఇంటికొచ్చాక కొలబద్ద విరిగేదాకా అన్నను కొట్టాడు. "మంది ముంగట నన్ను నవ్వులపాలు జేసినవ్" అన్న ఒక్క మాటే, ప్రతి దెబ్బకూ. అడ్డం పోయిన అమ్మ మోచేతికి కూడా తగిలింది. ఖాజా చిచ్చా వచ్చి నాయిన చేయి పట్టుకుని, "తప్పు పోరనిది గాదు భాయ్, తీగలు లెక్కవెట్టిన పెద్దమనుషులది. నన్ను గూడ కొట్టు, వైర్లు పెట్టింది నేనే" అన్నాడు. అప్పటికి ఆగాడు.

అవమానం మాత్రం ఆగలేదు. ఆ కోపంతోనే నాయిన దున్నపోతును విప్పేశాడు. ఆరు తీగల లాగుడుకు దాని మెడ విల్లులా వంగి చీలింది. పాత దర్వాజా టేకుతో కొత్త మెడ చెక్కాడు, మనిషి ముంజేయంత లావు. మళ్లీ వంగకుండా విరిగిన ఎడ్లబండి చక్రం మీది ఇనుప పట్టాను కమ్మరి దగ్గర సాగగొట్టించి, ఆ మెడ లోపల పొడుగునా దిగ్గొట్టాడు. పాత తలకాయనే దానికి అతికించి, అందులో తాను తొలిచిన రెండు తొర్రలను టేకు మేకులతో పూడ్చాడు. ఆ బరువుకు అన్న భుజం మీద తోలు లేచి పుండయ్యేది. తీగల కింద వేళ్లు పగిలి పాట పాటకూ నెత్తురంటేది. వీటికి తోడు కరెంటు కొట్టేది. గుళ్లోకి చెప్పులతో పోము కదా, కడిగిన తడి గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడి మైకుకు పెదవులు ఆనిస్తే మంట లేచేది. ఒకసారి అన్న పెదవి కాలి బొబ్బ కట్టింది. చెప్పులేసుకుని వాయించమన్నాడు ఖాజా చిచ్చా. బలిపీఠం ముందు చెప్పులేందన్నారు పెద్దలు. చివరికి లారీ టైరు ముక్క ఒకటి కోసి తెచ్చి అన్నను దాని మీద నిలబెట్టారు. అంత చెడ్డ బేస్ మూడు జిల్లాల్లో ఇంకొకటి ఉండదని అన్న ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు.

కానీ నాకు అది ఏం చేసిందో చెప్పాలి. ఒకనాడు అన్న పందిట్లో సాధన చేస్తుంటే ఊరికే నా కుడి చెంపను దాని చెక్కకు ఆనించాను. చచ్చిపోయిందనుకున్న వైపు నుంచి, దవడ ఎముకలోంచి, పళ్లలోంచి చప్పుడు లోపలికి వచ్చింది. భూమి కింద ఎవరో నడుస్తున్నట్టుంది. నేను ఏడ్చాను. అన్న ఆపబోతే చేత్తో వద్దన్నాను. ఆ రోజు నుంచి అన్న వాయిస్తే నా చోటు ఆ చెక్క పక్కనే.

తర్వాత రాష్ట్రం కావాలన్న ఉద్యమం మా వీధి దాకా వచ్చింది. బందులు, కాలే టైర్ల కంపు, మూతపడ్డ దుకాణాలు. సినిమాల్లో మా మాటను విని నవ్వినవాళ్ల ముందు మా మాటలోనే పాడతామని పోరగాళ్లంతా రోడ్డెక్కారు. హైదరాబాదు రోడ్డు మీద వంటా వార్పు పెడుతున్నారని తెలిసి, అన్న దున్నపోతును తీసుకుపోతానన్నాడు. నాయిన చిత్రిక పడుతున్నవాడల్లా ఆగాడు.

"దేవుని వాయిద్యం రోడ్డు మీదికి పోదు. పోయిందో, నీ ఏళ్లు ఒక్కొక్కటి ఇరుగ్గొడ్త."

"ఇరుగ్గొట్టు నాయినా. అయినా పోత."

నాయిన ఆడిన మాట తప్పేవాడు కాదు. అది మా అందరికీ తెలుసు. తెల్లారి నాయిన పని మీద పోగానే అన్న టైరు ముక్క చంకన పెట్టుకుని, బేస్ భుజానేసుకుని వెళ్లిపోయాడు. అమ్మ రొట్టెలు మూట కట్టి, నా చేయి పట్టుకుని వెనుకే నడిచింది. దారి పొడుగునా నేను వేడుకున్నది ఒక్కటే, అన్న వేళ్లు మిగిలితే చాలని.

రోడ్డు నడుమ రాళ్ల పొయ్యిలు, గుండిగల్లో ఉడికే అన్నం, పచ్చిపులుసులో నలిపిన ఉల్లిగడ్డ వాసన, జనరేటర్ పొగ. అన్న టైరు ముక్క మీద నిలబడి వాయిస్తున్నాడు, నేను చెంప ఆనించుకుని కళ్లు మూసుకున్నాను. ఎడమ చెవి నిండా పాటే ఉంది. పోలీసులు నా కుడి వైపు నుంచి వచ్చారు. నాకు వినబడలేదు.

కళ్లు తెరిచేసరికి అన్న నన్ను కిందికి తోసి బేస్‌ను అడ్డం తిప్పాడు. నా తల మీద పడాల్సిన లాఠీ దాని మెడ మీద పడి, లోపలి ఇనుముకు తగిలి అదే రెండుగా విరిగింది. స్పీకర్లోంచి దున్నపోతు నిజంగానే రంకె వేసింది. గుండిగలు తన్నేశారు, వేడి అన్నం కాళ్ల మీద పడి జనం అరుస్తున్నారు, గ్యాసు పొగకు కళ్లు మండి గొంతు మూసుకుపోయింది. లాఠీ విరిగిన పోలీసు అన్నం ముద్దల మీద జారి వెల్లకిలా పడ్డాడు, టోపీ దొర్లిపోయింది. మా అన్న వయసువాడే, మీసం కూడా సరిగా రాలేదు. అన్న బేస్‌ను రెండు చేతులా నెత్తి మీదికి ఎత్తాడు. అది దిగితే ఆ పిల్లవాడి తల మిగలదని నాకు తెలిసింది. నేను అరవలేదు. కొట్టాలనే అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి.

వెనుక నుంచి ఒక చేయి ఎత్తిన బేస్ మెడను పట్టుకుంది. నాయిన. కొత్త కొలబద్ద ఇంకో చేతిలోనే ఉంది. అన్న వేళ్లు విరగ్గొట్టడానికే వచ్చాడు.

"కొట్టకు బిడ్డా" అన్నాడు. ఆ మాట నాయిన నోట వినడం అదే మొదటిసారి.

అన్న చేతులు దిగాయి. పడ్డవాడు పాకుతూ పోయాడు. నాయిన మాత్రం పట్టు విడవలేదు. పక్క నుంచి ఇంకొక లాఠీ వచ్చి, మెడ మీదున్న ఆయన కుడి చేతి వేళ్ల మీద పడింది. కింద తాను దిగ్గొట్టిన ఇనుము, పైన లాఠీ. ఆ చప్పుడు నా మంచి చెవికి వినబడింది. మూడు వేళ్లు.

దవాఖానలో కట్టు కడుతుంటే అన్న గోడకు తల బాదుకుంటున్నాడు. నాయిన కట్టు చూసుకుంటూ అన్నాడు. "ఏళ్లు ఇరుగుతయన్న గదా. దేవుడు మాట ఇన్నడు, మనిషినే మార్చిండు." అమ్మ మొదట నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఇంకాసేపటికి నాయిన నా వైపు చూసి, "పట్టా ఏసినందుకే పిల్ల బతికింది" అన్నాడు.

ఆ వేళ్లు మళ్లీ ఉలి పట్టలేదు. అన్న రెండేళ్లు రంపం పట్టి, తర్వాత భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనికి పోయాడు. నాయిన కొట్టడం ఆ రోజుతో పోయింది. రాష్ట్రం వచ్చింది. గుళ్లో ఇప్పుడు కీబోర్డు ఒక్కటే, బేస్ చప్పుడు దానిలోంచే వస్తుంది, ఎవరి భుజమూ పుండవదు. ఖాజా చిచ్చా దుకాణం చోట ఫోన్లు అమ్ముతున్నారు. మా పందిరి లేదు, టేకు పొట్టు లేదు, కొలబద్ద లేదు, నాయిన లేడు.

మిక్సీ తెచ్చుకున్న వారమే భూపాలపల్లి పోయాను. అన్న క్వార్టరు గోడకు దున్నపోతు ఉంది. లాఠీ పడ్డ రెండు చోట్ల చెక్క నొక్కుకుపోయింది. నాయిన పూడ్చిన రెండు టేకు మేకులు తలకాయలో రెండు కళ్లలా ఉన్నాయి. ఒక తీగే మిగిలింది. మీటమన్నాను. "తుప్పు పట్టిందే, ఏం మీటుత" అంటూనే మీటాడు. కుడి చెంప ఆనించాను. వచ్చింది.

రోజూ పొద్దున మోకరించి అన్నిటికీ స్తోత్రం చెప్పుకుంటాను. అమ్మ పలకకు, ఖాజా చిచ్చా పొగకు, టైరు ముక్కకు, ఇనుప పట్టాకు, ఆ రోజు పాకుతూ పోయిన పిల్లవాడి తల మిగిలినందుకు. నాయిన వేళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. ఆ ఒక్క స్తోత్రం నాకింకా నోరు దాటలేదు.