అతిథి శాలువా

నా చిన్నప్పుడు, తొంభైలలో, మా పెద్దమ్మ పాలకొల్లులో టీచరుగా పనిచేసేది. ఆదివారం వస్తే సంచిలో దువ్వెన, కొబ్బరినూనె సీసా, నెయిల్ కట్టరు వేసుకుని, ఊరి చివర కాలవ పక్కనున్న వృద్ధాశ్రమానికి బయలుదేరేది. అక్కడి ముసలివాళ్లకు తలలు దువ్వి, గోళ్లు తీసి, వాళ్లు చెప్పుకునేవన్నీ విని వచ్చేది. నేనూ వెంట వెళ్లేదాన్ని.

అక్కడ మేము మామ్మగారని పిలిచే ఒకావిడ ఉండేవారు. మహా శుభ్రం మనిషి. పెద్దమ్మ గోళ్లు తీస్తుంటే ముక్కలు నేలమీద పడకుండా కొంగు పట్టేవారు. తలలో ఒక్క వెంట్రుక చెదిరినా ఊరుకునేవారు కాదు. మోకాళ్లు మాత్రం పూర్తిగా పోయాయి. ఇద్దరు పట్టుకుంటేగాని లేవలేరు.

ఒక ఆదివారం ఎవరో పెద్దమనిషి చీరలు పంచడానికి వస్తున్నారని అందరినీ షామియానా కింద కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఎండ ముదిరింది గాని ఆయన రాలేదు. మామ్మగారు బాత్‌రూముకి వెళ్లాలన్నారు. పెద్దమ్మ లేపబోతే మేనేజరు అడ్డొచ్చాడు.

“కారు వచ్చేస్తుందండి. వరస చెడిపోద్ది. కాస్త ఓపిక పట్టమనండి.”

పెద్దమ్మ ఆ మాట నమ్మి ఆగింది. కారు ఎంతకీ రాలేదు. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట చెప్పాడు. చివరికి ఆ పెద్దమనిషి వచ్చి, చీర పట్టుకుని మామ్మగారి ముందు నిలబడేసరికి కుర్చీ కింద నేల తడిసింది. ఫోటోలు తీసే అతను కెమెరా దించేసి, ఈవిడని వెనక్కి జరపండి అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. మామ్మగారు కొంగుతో ముఖం కప్పేసుకున్నారు.

అతిథికి కప్పాల్సిన శాలువా పక్కనే పళ్లెంలో ఉంది. పెద్దమ్మ దాన్ని తీసి మామ్మగారి నడుం చుట్టూ చుట్టింది. వంటమనిషిని సాయం పిలిచి ఆవిణ్ణి లేపింది. గొంతు పెంచకుండానే ఆ పెద్దమనిషితో అంది.

“పొద్దున్నించీ అడుగుతున్నారండి ఈవిడ, లోపలికి తీసుకెళ్లమని. మీ కోసం కూర్చోబెట్టారు.”

ఆ రోజు పెద్దమ్మను చూసి నేనెంత గర్వపడ్డానో చెప్పలేను.

మరుసటి ఆదివారం మేనేజరు గేటు దగ్గరే ఎదురయ్యాడు. మీ వల్ల మాకు మాటొచ్చిందండి, ఇక రావద్దు అన్నాడు. ఒక్కసారి మామ్మగారిని చూసి వెళ్లిపోతానని పెద్దమ్మ బతిమాలితే వదిలాడు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

“ఎందుకమ్మా అంత పని చేశావు?” అన్నారు.

“వాళ్లు చేసింది తప్పు కదండీ మామ్మగారూ.”

“తప్పే. ఆ తడి కాసేపటికి ఆరిపోయేది. ఇప్పుడు నువ్వు రావు. నేనేమో ఇక్కడే ఉండాలి.”

పెద్దమ్మ మంచం అంచున కూర్చుంది. సంచి తెరిచి, ఆవిడ తల దువ్వి, జడ అల్లి లేచింది.

ఆ తరవాత పెద్దమ్మ క్షమాపణ చెప్పుకోవడానికి కూడా వెళ్లింది. మేనేజరు వరండాలో నిలబెట్టి పంపేశాడు. దసరా ముందు వంటమనిషి బజారులో కనబడి, మామ్మగారు పోయారని చెప్పింది. దువ్వే దిక్కు లేక జుట్టు చిక్కులు కట్టిందని, పోవడానికి ముందు గుండు చేయించారట. పెద్దమ్మ కూరలు కొనకుండానే వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చాక ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

పెద్దమ్మ చేసింది తప్పని నేను ఈనాటికీ అనుకోను. మామ్మగారు అన్నదీ తప్పు కాదు. నాకూ జుట్టు నెరిసింది. రాజమండ్రిలో ఇలాంటిచోటికే ఏళ్లుగా వెళుతున్నాను. అన్యాయం కళ్లబడితే మాట నోటిదాకా వస్తుంది. వెంటనే, నేను అనేసి వెళ్లిపోయాక ఇక్కడ ఉండాల్సింది ఎవరు అనిపిస్తుంది. కొన్నిసార్లు అనేశాను. కొన్నిసార్లు మింగేశాను. ఏది చేసినా ఆ పూట నాకు అన్నం సహించదు.