భుజం మీది చెయ్యి

స్వరూపకు కెమెరా దొరికింది గానీ దానికి లెన్సు లేదు. కన్ను లేని కెమెరా అన్నమాట.

ఆమె యూనివర్సిటీ క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్ మెస్‌లో వంట చేస్తుంది. అత్త రాములమ్మతో కలిసి అడిక్‌మెట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. తెల్లవారకముందే దేవుడి పటాల ముందు దీపం పెట్టి, అత్తకు చాయ్ ఇచ్చి, చెట్ల నీడన నడుచుకుంటూ పనికి పోతుంది. ఆ హాస్టల్లోనే పద్మశ్రీ అని అనంతపురం వైపు పిల్ల ఉంది. పక్షుల మీద పరిశోధన ఆమెది. పిట్టలు లేచే వేళకు కెమెరా భుజాన వేసుకుని పోయి, మెస్‌లో గిన్నెలు అడుగంటాక వచ్చేది. ఆ పిల్ల కోసం స్వరూప రోజూ ఇడ్లీలు ఒక గిన్నెలో పెట్టి, మూత మీద వేడి సాంబారు చెంబు ఉంచేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

తింటూ తింటూ పద్మశ్రీ ఆ పొద్దు తీసినవన్నీ చూపించేది. స్వరూప చేతులు కొంగుకు తుడుచుకుని, ఎక్కడ తడి తగులుతుందోనని చేతులు వెనక్కి పెట్టుకుని మరీ చూసేది. పిట్ట ఈకలు విడివిడిగా కనబడుతూ దాని వెనక చెట్లన్నీ పొగమంచులా కరిగిపోవడం ఆమెకు మహా ఆశ్చర్యం. మనిషి ముఖాన్ని కూడా ఇట్లా తీయవచ్చా అని ఒకసారి అడిగింది. తీయవచ్చని పద్మశ్రీ చెప్పింది. ఆ మాట స్వరూప మనసులో నిలిచిపోయింది. అడిగిన మనిషి ముఖం పద్మశ్రీకి కూడా గుర్తుండిపోయినట్టుంది. కొత్త కెమెరా కొనుక్కున్నప్పుడు పాతదాన్ని మెత్తని గుడ్డలో చుట్టి తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. దాని లెన్సుకు వానాకాలంలో బూజు పట్టి పనికిరాకుండా పోయిందని, ఏదైనా ఒక లెన్సు బిగించుకుంటే కెమెరా బంగారంలా పనిచేస్తుందని చెప్పింది. ఇలాంటి ఉపకారాలు చేసినవాళ్లు మరిచిపోతారు. అందుకున్నవాళ్లు దీపం పెట్టినప్పుడల్లా తలుచుకుంటారు.

స్వరూపకు ఫోటోల మీద ఇంత ఆశ ఎందుకో తెలియాలంటే వాళ్ల గదిలో గోడ వైపు చూడాలి. అక్కడ ఆమె భర్త గట్టయ్య ఫోటో ఉంది. తార్నాకలో ఆటో నడిపేవాడు. కరోనా రెండో ఏడు జ్వరంతో వెళ్లిపోయాడు. దినాలకు ఫోటో కావాలని వెతికితే ఇంట్లో సరైనది ఒక్కటీ లేదు. చివరికి చుట్టాల పెళ్లిలో గుంపుగా దిగిన ఫోటో ఒకటి దొరికితే, స్టూడియోవాళ్లు అందులో నుంచి గట్టయ్యను కత్తిరించి పెద్దది చేసి ఇచ్చారు. ముఖం కాస్త అలుక్కుపోయింది. ఎడమ భుజం మీద ఎవరివో నాలుగు వేళ్లు మిగిలిపోయాయి. చెరిపేయమంటారా అని స్టూడియోవాళ్లు అడిగితే, కొడుకు పోయిన దుఃఖంలో మాటే రాని రాములమ్మ వద్దని చేత్తో సైగ చేసింది. ఆ వేళ్లు ఎవరివని స్వరూప ఎప్పుడూ అడగలేదు. ఆ ఫోటోకు పూలు పెట్టిన ప్రతిసారీ ఒక్కటే అనుకునేది: ఈయన ముఖం నేను సరిగ్గా దాచుకోలేకపోయాను, అత్తమ్మ ముఖమైనా చక్కగా దాచుకోవాలి. రాములమ్మ ఈ మధ్య మెట్లెక్కి వస్తే కాసేపు మాట్లాడలేకపోతోంది. కోరిక తొందరపెట్టడం మొదలుపెట్టింది.

చిట్టీ డబ్బులు చేతికి రాగానే తార్నాక వెళ్లింది. మెట్రో స్తంభాల పక్క సందులో ప్రేమ్ కుమార్ అనే ఆయన పాత కెమెరాలు బాగుచేసి అమ్ముతాడు. అద్దాల బీరువాలో లెన్సులన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. స్వరూప చూపు అన్నిటికంటే పొడుగాటి దాని మీద పడింది. పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫర్లు మెడలో వేసుకుని తిరిగేది అలాంటిదే కదా, పెద్దదైతే మంచి ఫోటో వస్తుందని ఆమె లెక్క. ప్రేమ్ కుమార్ కాదనలేదు. దాన్ని ఆమె కెమెరాకు బిగించి గుమ్మంలో నిలబడి చూడమన్నాడు. రోడ్డుకు అవతల మల్లెపూలు అమ్మే అవ్వ చేతిలోని దారం కూడా కనబడింది. స్వరూపకు నవ్వు ఆగలేదు. తర్వాత లోపలికి వచ్చి తన ఫోటో తీయమన్నాడు. ఎంత తిప్పినా ఆయన ముఖం స్పష్టంగా రాలేదు. వెనక్కి జరిగి జరిగి వీపు బీరువాకు తగిలాక ముక్కూ, ఒక కన్నూ మాత్రం వచ్చాయి.

"ఎవరి ఫోటో తీస్తవు చెల్లె?" అని అడిగాడు.

"మా అత్తమ్మదన్నా."

"ఆమె యాడుంటది?"

"ఒక్క అర్రలనే ఉంటం ఇద్దరం."

"మరి గింత పొడుగుదేం జేసుకుంటవు? గీ లెన్స్‌తోని ఆమెను తియ్యాల్నంటే నువ్వు మల్కాజ్‌గిరిల నిలబడాలె."

అని, లోపలి నుంచి గుప్పిట్లో పట్టేటంత లెన్సు ఒకటి తీసుకొచ్చాడు. దాన్ని అందరూ ఫిఫ్టీ అంటారట. మనిషి ముఖానికి ఇంతకంటే మంచిది, ఇంతకంటే చవకైనది ఇంకోటి లేదన్నాడు. దానితో ఆయన ముఖం తీస్తే, వెనక బీరువాలో లైట్లన్నీ గుండ్రటి దీపాల్లా కరిగిపోయాయి. పద్మశ్రీ పిట్ట వెనక చెట్లు కరిగినట్టే. దీనికి జూమ్ ఉండదని, దగ్గరికి పోవాలన్నా దూరం జరగాలన్నా తనే నడవాలని చెప్పాడు. పొద్దంతా మెస్‌లో నడిచేదాన్నే కదా, అదెంత అనుకుంది స్వరూప.

ఆ తర్వాత ఆయన అమ్మనని చెప్పినవే ఎక్కువ. లెన్సు ముందు బిగించే అద్దం అడిగితే, మూత పెట్టడం మరవకపోతే చాలన్నాడు. బ్యాగు అడిగితే, ఆమె టిఫిన్ సంచిలోనే అడుగున పాత స్పాంజి ముక్క కత్తిరించి అమర్చాడు. మెమరీ కార్డు మాత్రం కొత్తదే కొనమన్నాడు, తీసిన ఫోటోలు పోతే మళ్లీ రావు గనుక. మూలన ఒక కాలు వదులైన ట్రైపాడ్ ఉంటే దానికి రబ్బరు చుట్టి, ఊరికే మూలకు పడి ఉన్నది తీసుకుపొమ్మన్నాడు. తేలికది కాబట్టి గాలికి ఊగుతుందని, మధ్యలో కొక్కేనికి ఏదైనా బరువు తగిలించాలని చెప్పాడు. లాభం చూసుకోవలసిన చోట మనిషిని చూసుకునేవాళ్లను దేవుడు అక్కడక్కడా పెడుతూనే ఉంటాడు.

ఆదివారం పొద్దున రాములమ్మ తలంటుకుని ఆకుపచ్చ చీర కట్టుకుంది. కోడలు ఫోటో తీస్తానంటే సంబరపడి, పక్కింటామెకు చెప్పి మరీ వచ్చింది. స్వరూప గుమ్మం దగ్గర కుర్చీ వేసింది. బయటి వెలుతురు ఒక చెంప మీద మెత్తగా పడింది. పద్మశ్రీ నేర్పినట్టే కళ్లు స్పష్టంగా వచ్చేలా చూసుకుని నొక్కింది. ఎంత చక్కగా వచ్చిందంటే, నుదుటి మీద పచ్చబొట్టు చుక్క, చెంప మీద ముడతలు, ఆ ముడతల్లో దాచుకున్న నవ్వు, అన్నీ ఉన్నాయి. వెనక గిన్నెలూ దండెం మీది బట్టలూ కరిగిపోయాయి. ముఖం ఒక్కటే నిలిచింది.

రాములమ్మ ఆ చిన్న తెర మీదకు వంగి చూసింది. తర్వాత తలెత్తి గోడ మీద కొడుకు వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఇది దండేసే ఫోటో గదనే," అంది.

కోపంగా అనలేదు. అందుకే స్వరూపకు ఇంకా కష్టమనిపించింది. రాములమ్మ కొంగు తల మీదికి లాక్కుని లేచి, కుర్చీ తనే మడిచి గోడకు ఆనించి, చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

వాళ్ల వైపు పెద్దవాళ్లు ఒంటరిగా ఫోటో దిగరు. పెళ్లిలోనో జాతరలోనో పదిమందితో నిలబడి దిగుతారు. ముఖం ఒక్కటే ఉన్న ఫోటో గోడకెక్కేది ఒక్కసారే, మనిషి పోయాక. ఈ సంగతి స్వరూపకు తెలియనిదేమీ కాదు. లెన్సు మంచిదా కాదా అని చూసుకుంది, వెలుతురు చూసుకుంది, ఆ లెన్సు మనిషిని చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీస్తుందని మాత్రం ఆలోచించలేదు. ప్రేమ్ కుమార్ మాత్రం ఏం చేస్తాడు, ఆయన అడిగింది గది కొలతే. పైగా తన మనసులో ఉన్నది కూడా ఆ ఫోటోయే కదా. అత్త అది చూసేసింది. స్వరూప ఆ ఫోటోను తుడిచేసి, లెన్సుకు మూత పెట్టి, కెమెరాను టిఫిన్ సంచిలో పెట్టేసింది. ఎప్పటికీ తీయలేనేమోనని భయం పట్టుకుంది.

దీపాల వేళకు రాములమ్మ ఎప్పటిలాగే కొడుకు ఫోటోకు బంతిపువ్వు పెట్టింది. స్వరూప దగ్గరికి పోయి, తప్పయింది అత్తమ్మా అంది. రాములమ్మ ఆ మాట వినిపించుకోనట్టే, ఫోటోలో గట్టయ్య భుజం మీది వేళ్లను తన వేలితో తుడిచింది.

"ఇది నా చెయ్యే, బిడ్డా."

స్వరూప ఆమె ముఖంలోకి చూసింది.

"పెండ్లిల అందరు నూకుతుండిరి. నేను ఎన్క బల్ల మీద నిలబడ్డ. పడ్తనేమో అని వాని బుజం పట్టుకున్న. నన్నంత కత్తిరిచ్చిండ్రు గని, చెయ్యి గాడ్నే ఉన్నది. వాడు పోయినంక గూడ ఒంటిగ లేడు. నన్ను ఒక్కదాన్ని కూసోబెట్టి తియ్యకు. నువ్వు పక్కకుంటే ఎన్నన్న తియ్యి."

కాసేపటికి ఇద్దరూ కలిసి చిక్కుడుకాయ కూర పొయ్యి మీద పెట్టారు.

ఇద్దరూ కలిసి దిగడం ఆ గదిలో కుదరలేదు. ట్రైపాడ్ నిలబెట్టాక మిగిలిన చోటులో ఫిఫ్టీకి ఇద్దరూ పట్టలేదు. ఒకసారి స్వరూప చెవి తెగింది, ఇంకోసారి రాములమ్మ సగమే వచ్చింది. మంచం బయట పెడదామంటే వాకిట్లో చోటు లేదు. కోడలు చెప్పిన పొడుగు లెన్సు తెచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని రాములమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుతో స్వరూప గుండెలో బరువు దిగింది.

మరుసటి ఆదివారం కెమెరా, ట్రైపాడ్ వెంటపెట్టుకుని కూరగాయలకు పోయి, తిరిగొచ్చే దారిలో క్యాంపస్ లోపలికి మళ్లారు. నడకకు వచ్చినవాళ్లు ఇళ్లకు మళ్లుతున్నారు. ఆర్ట్స్ కాలేజీ ముందు పచ్చికలో పెళ్లి కుదిరిన జంటలు కొందరు కొత్త బట్టల్లో ఫోటోలు దిగుతున్నారు. వాళ్ల ఫోటోగ్రాఫర్లకు స్వరూప ట్రైపాడ్ కాలికి చుట్టిన రబ్బరు చూసి నవ్వొచ్చి ఉండవచ్చు. కానీ అందులో ఒకతను తన లైటు స్టాండు తనే పక్కకు జరిపి, నీడలో నిలబడమని పెద్దామెకు చోటు చూపించాడు.

పద్మశ్రీ కూడా వచ్చింది, పిట్టలు చూసి నేరుగా. ఇద్దరినీ తురాయి చెట్టు కింద నిలబడమని, తనూ వాళ్ల మధ్యకు చేరబోయింది. రాములమ్మ గభాల్న పక్కకు జరిగింది. ముగ్గురు దిగితే నడిమిట్ల ఉన్నోళ్లకు మంచిది కాదని, నీకింకా పెళ్లి కూడా కాలేదని మందలించింది. పద్మశ్రీ పకపకా నవ్వింది.

"మా అవ్వ కూడా అచ్చం ఇదే మాట అంటాది. సరేలే, నేను అవతలికి పోతా. అక్కా, నేను నొక్కనబ్బా. నీ ఫోటో నువ్వే తీసుకో," అని టైమర్ ఎక్కడుందో చూపించి, ఎండలోకి వెళ్లి నిలబడింది.

స్వరూప వెనక్కి నడిచింది. ఇద్దరూ చక్కగా పట్టేదాకా, చెట్టు మొదలు కూడా కనబడేదాకా, గదిలో నడవలేనంత దూరం నడిచింది. గాలికి ట్రైపాడ్ ఊగుతుంటే ప్రేమ్ కుమార్ మాట గుర్తొచ్చి, సొరకాయలూ వంకాయలూ ఉన్న సంచి దాని కొక్కేనికి తగిలించింది. అది కదలకుండా నిలబడింది. బటన్ నొక్కి పరుగున వచ్చి అత్త పక్కన నిలబడింది. మొదటిసారి పరుగు చాలక కొంగు మాత్రమే పడింది. రెండోసారి రాములమ్మ కళ్లు మూసుకుంది.

మూడోసారి కెమెరా మీద టైమర్ ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుండగా స్వరూప భుజం మీద ఏదో బరువుగా, వెచ్చగా పడింది. తల తిప్పి చూడాలనిపించింది గానీ తిప్పలేదు.

పద్మశ్రీ పరుగెత్తుకొచ్చి చూసి కెమెరాను రాములమ్మ ముందు పెట్టింది. తురాయి పూలు వెనక ఎర్రగా కరిగాయి. అత్త నవ్వుతోంది. కోడలి కళ్లు నీళ్లతో మెరుస్తున్నాయి. ఆమె భుజం మీద నాలుగు వేళ్లూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉన్నాయి. రాములమ్మ నిజంగానే వాటిని వేలితో లెక్కపెట్టింది.

"మంచిగున్నది," అంది. "రేపు ఎట్లన్న నన్ను కత్తిరిచ్చి దండేస్తరు. కత్తిరిచ్చెటోనికి చెప్పు, నీ బుజం ఇడిచిపెట్టొద్దని."

గట్లనే అత్తమ్మా అంది స్వరూప. ట్రైపాడ్ కొక్కెం నుంచి కూరగాయల సంచి తీయబోతే రాములమ్మ అడ్డుపడి తనే తీసింది. బరువుంటుంది ఇవ్వమంటే ఇవ్వలేదు. చివరికి చెరో పిడి పట్టుకుని, మధ్యలో సంచి ఊగుతుండగా, పద్మశ్రీని మధ్యాహ్నం అన్నానికి రమ్మని చెప్పి, అడిక్‌మెట్ వైపు నడిచారు.