కెమెరా కంటికి పూసిన కుంకుమ

మాకు డ్రోన్ నడపడం నేర్పిన మేడమ్ మొన్న పొద్దున కడపలో గుండెపోటుతో పోయారు. ఫోన్ రాగానే బయల్దేరాను. వాళ్ళింటికి వెళ్తే వరండాలో మా ఆఫీసు వాళ్ళిద్దరు గుసగుసలాడుతున్నారు.

"ఆ పొద్దు కుంకుమ తుడిపించింది గదప్పా, ఊరికే పోతాదా?"

ఛీ, ఇవీ ఒక నోళ్ళేనా అనిపించింది.

ఆ కుంకుమ సంగతి మీకూ తెలియాలి. వరదలో చిక్కుకున్నవాళ్ళకు తాడు అందించే డ్రోన్ ఒకటి బద్వేలు దగ్గర పెట్టారు. కళ్ళకు వీఆర్ హెడ్‌సెట్ బిగించుకుని, కడప ఆఫీసులో కూర్చుని దాన్ని నడపాలి. అది వచ్చి చాన్నాళ్ళయినా, ప్రారంభించాల్సిన నాయకుడికి తీరిక లేదని గాల్లోకి లేవనివ్వలేదు. చివరికి ఆయన వేంచేశారు. కొబ్బరికాయ కొట్టారు. నిమ్మకాయలు తొక్కించడానికి చక్రాలు లేవే అని కాసేపు బాధపడ్డారు. తర్వాత చారెడు కుంకుమ తీసి సరిగ్గా కెమెరా అద్దానికే మెత్తారు. ఫొటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి.

ఆ మధ్యాహ్నమే వాన. వాగు పొంగి, గొర్రెలు కాసుకునే అవ్వ ఒకామె నడిమధ్య బండ మీద చిక్కుకుంది. మేడమ్ ఎప్పటిలాగే చెప్పులు విప్పి హెడ్‌సెట్ పెట్టుకున్నారు. "దీన్ని ఆట అనుకోవద్దండి, ఆడ మీరే నిలబడుండారు అనుకోండి" అని మాకు చెప్పేవారు. నవ్వుతూ కూర్చుంటే మొట్టికాయ వేసేవారు. నాకు ఈ పని పట్టుబడింది ఆ మొట్టికాయలతోనే.

"అంతా ఎర్రగా ఉండాది, ఏం కనపడ్డంలేదు" అన్నారు.

బద్వేలులో డ్రోన్ దగ్గరుండే వాచ్‌మన్‌కు ఫోన్ చేసి అద్దం తుడవమన్నాను.

"పూజ చేసిందాన్ని తుడిస్తే అరిష్టం గదన్నా" అన్నాడు.

మా ఆఫీసరు గారు కూడా, పంతులుని ఒక మాట అడిగితే మంచిదని నసిగారు. అలాంటి బుర్రకు ఏసీ గది, జీపు!

మేడమ్ ఫోన్ లాక్కున్నారు. "ఆడొక ముసలామె మునిగిపోతాందప్పా. ఆ అరిష్టమేదో నాకే తగలనీ. తుడువు."

తుడిచాడు. డ్రోన్ లేచింది, తాడు అందింది, ఒడ్డున ఉన్నవాళ్ళు లాగారు. గట్టెక్కిన అవ్వ వణుకుతూనే డ్రోన్ వైపు తిరిగి దండం పెట్టడం మా టీవీ తెర మీద చూశాం.

మీటలు వదిలేస్తే డ్రోన్ గాల్లో అలాగే నిలుస్తుంది. మేడమ్ వదిలేసి, హెడ్‌సెట్ తీయకుండానే లేచారు. "నాకెందుకు పెద్దమ్మా" అంటూ తనూ చేతులు జోడించారు.

"ఎవరికి మేడమ్, గోడకా?" అని ఆఫీసరు నవ్వాడు.

ఆమె వినిపించుకోలేదు. హెడ్‌సెట్ కింది నుంచి నీళ్ళు చెంపల మీదికి కారుతున్నాయి. అక్కడ అవ్వ చేతులు దించేదాకా, ఇక్కడ ఆమె దించలేదు.