మొసలిని చూడబోయిన ఆరుగురం

ఇప్పుడే ఇంటికి చేరాను. ప్యాంటు ఇంకా తడిగానే ఉంది.

పొద్దున్నే మా బడి పంతుళ్ళం ఆరుగురం భుజాలకు సంచులు తగిలించుకుని, నాందేడ్‌లో బొగ్గు ఇంజను రైలెక్కి ఇస్లాపూర్‌లో దిగాం. పెన్‌గంగ మడుగుల్లో మొసళ్ళున్నాయని విని, చూడందే రాకూడదనుకున్నాం. మధ్యాహ్నం దాకా బురదలో తిరిగినా ఒక్కటీ కనిపించలేదు. తిరుగు రైలుకు వేళ మించిపోతుంటే, మడుగు అవతలికి బర్రెలను తోలుతున్న ఒక అవ్వకు మా మొసలి వేట సంగతి చెప్పి, అవతలి గట్టునున్న స్టేషనుకు దారి అడిగాం.

"తోకలు వట్టుకోని రాండ్రి, గురూజీ. జల్దీ దాటొచ్చు" అంది.

సంచులు నెత్తిన పెట్టుకుని, తలా ఒక తోక పట్టుకుని దిగాం. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాక ముందు బర్రె ఆగిపోయింది. వెనకవీ ఆగాయి. మా డ్రిల్లు మాస్టారు దాన్ని అదిలించబోయాడు.

"సప్పుడు జెయ్యకు! బర్రె ఊకెనే ఆగది" అంది అవ్వ మెల్లగా.

"ముందల ఏమున్నదవ్వా?" అన్నాను.

"మీరు పొద్దటిసంది దేవులాడుతున్నదే."

మొసలిని చూడ్డానికని తెచ్చిన దుర్భిణీ నా మెడలోనే వేలాడుతోంది. నీళ్ళలో కాలికి ఏది తగిలినా ప్రాణం పోయినట్టయింది. ఎంతసేపటికో బర్రె బుస్సుమని అడుగు వేసింది. వెనకే మేమూ కదిలాం.

రైలెక్కి కూర్చున్నాక అడిగాను, "ఎంత పెద్దగున్నది?" అని.

ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. బర్రె ఆగినప్పుడు నాతో సహా ఆరుగురమూ కళ్ళు గట్టిగా మూసుకున్నాం!

మీరైతే తెరిచి ఉంచేవారా? నిజం చెప్పండి.